వాడు రాని రోజు ఎవరికి తెలుస్తుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చదువుకునే పిల్లల గురించే. కొన్ని పిల్లలే రాశారు, కొన్ని టీచర్లు రాశారు, ఒకటి ఎక్కడో అనంతపురం నుంచి ఒక తండ్రి రాశారు. అందరూ మాట్లాడింది శ్రీకాకుళం, విజయనగరం బడుల గురించి, కాలేజీల గురించి. అడిగింది కూడా ఇంచుమించు ఒకటే: ఈ చోటు నాది అని పిల్లలకి ఎప్పుడు అనిపిస్తుంది, అనిపించకపోతే మనం ఏం చెయ్యాలి? మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు ఎవరివీ వెయ్యడం లేదు.

ప్రశ్న: మాది సీతంపేట దగ్గర కొండ మీద ఊరు, మేం సవరలం. శ్రీకాకుళంలో డిగ్రీ ఫస్టియర్ చదువుతున్నాను, హాస్టల్లో ఉంటున్నాను. క్లాసులో నన్ను ఎవరూ ఏమీ అనరు, అలాగని ఎవరూ పలకరించరు కూడా. శనివారం మధ్యాహ్నం ఎప్పుడవుతుందా, ఎప్పుడు బస్సెక్కుతానా అని చూస్తుంటాను. సోమవారం మళ్లీ రావాలంటే కాళ్లు రావు. మానేసి అన్నయ్యతో పాటు పనికి వెళ్లిపోదామా అనుకుంటున్నాను మేడం.

జవాబు: మానెయ్యకు బాబూ. ముందు ఈ మాట, తరవాత మిగతావి.

తిట్టినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు, ప్రిన్సిపాల్ దగ్గరకి వెళ్లి చెప్పొచ్చు. అసలు మనవైపు చూడనివాళ్ల గురించి ఎవరికి ఏమని చెప్తాం? చెప్పుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి తప్పు మనదే అనిపిస్తుంది, ఇది మనలాంటివాళ్లు రావలసిన చోటు కాదేమో అనిపిస్తుంది. నువ్వు ఆ మాట రాయలేదు గానీ నీ ఉత్తరం అంతా అదే ఉంది.

ఈ భావన గురించి అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పని చేశారు, 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకి సీనియర్ల అనుభవాలు చదవడానికి ఇచ్చారు. "మొదటి ఏడాది మాకూ ఇక్కడ ఇమడలేమనే అనిపించింది, నెమ్మదిగా అదే పోయింది" అని అందులో ఉంటుంది. చదివాక, అది తమకి ఎలా వర్తిస్తుందో ఆ పిల్లల చేతే రాయించారు. అంతా కలిపి ఒక గంట పని. తరవాత మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లవాళ్లకీ వాళ్లకీ ఉన్న తేడా సగానికి తగ్గింది. నేను ఒక్కణ్నే ఇలా ఉన్నానని అనుకోవడం ఎంత బరువో, కాదని తెలిస్తే ఎంత తేలికో దీన్నిబట్టి చూడు. కాబట్టి ఈ వారంలోనే మీ వైపు నుంచి వచ్చిన సీనియర్ ఒకణ్ని వెతుక్కో, భామిని కానీ కొత్తూరు కానీ వీరఘట్టం కానీ. మొదటి ఆరు నెలలు నువ్వెలా గడిపావన్నా అని అడుగు. చదువు గురించి కాదు, ఆదివారాలు ఏం చేసేవాడో అడుగు.

రెండో మాట. ఎవరో పిలుస్తారని ఎదురుచూడొద్దు, ఒక పని పట్టుకో. మీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ఉండే ఉంటుంది, 1969లో గాంధీ గారి శతజయంతి ఏడాదిలో మొదలైన పథకం అది. దాంట్లో చేరితే ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉంటుంది, ఒక ఊళ్లో ఉండి, అక్కడే వండుకు తిని, అక్కడే పడుకోవాలి. క్లాసులో ఏడాదంతా పక్కపక్క బెంచీల్లో కూర్చుని మాట్లాడుకోనివాళ్లు అక్కడ రెండో రోజుకల్లా కూరగాయలు తరుగుతూ మాట్లాడుకుంటారు, ఎందుకంటే మాట్లాడకపోతే కూర అవదు. కట్టెల పొయ్యి రాజెయ్యడం, చీకట్లో దారి చూసుకుని నడవడం, చెట్టు చూసి పేరు చెప్పడం, ఇవన్నీ నీకు వచ్చినట్టు టౌను పిల్లలకి రావు. నీ అవసరం వాళ్లకి పడుతుంది. ఒకసారి నీ అవసరం పడ్డవాడు మర్నాడు నిన్ను పలకరించకుండా వెళ్లలేడు.

ఊరికి వెళ్లడం మానెయ్యమని చెప్పను, అమ్మ ఎదురుచూస్తుంది. కానీ వారం విడిచి వారం వెళ్లు. హాస్టల్లో స్నేహాలు కుదిరేది ఆదివారాలే, నువ్వు ప్రతి ఆదివారం ఊళ్లో ఉంటున్నావు.

ఇది చదివే లెక్చరర్లకి కూడా ఒక మాట. గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టారు, 1863లో. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర తెలిసినవాణ్ని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తున్నాం కదా. ఆ రోజున క్లాసులో ఉన్న సవర కుర్రాణ్ని నీళ్లకి మీ భాషలో ఏమంటారు అని అడిగి, బోర్డు మీద రాసి, మిగతావాళ్ల చేత పలికించండి. అతను తప్పు దిద్దాలి, వాళ్లు దిద్దుకోవాలి. ఏడాదికి ఒక్క రోజు కాకుండా అప్పుడప్పుడూ చేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: చీపురుపల్లి వైపు జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్ని. క్లాసులో నలభై మంది దాకా ఉన్నారు. ఊళ్లో పిల్లలు ఒక జట్టు, పక్క పల్లెల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు ఇంకో జట్టు. ఇవి కాక అమ్మానాన్నలు హైదరాబాద్‌కో చెన్నైకో పనులకి వలసపోతే అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర ఉంటున్నవాళ్లు కొందరు, వాళ్లు ఏ జట్టులోనూ ఉండరు. అందరం ఒక కుటుంబం అని రోజూ ప్రార్థనలో చెప్తున్నాం. కలుస్తారని ఆటల పోటీలు పెడితే కొట్లాటలు ఇంకా పెరిగాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: మేడం, పోటీలు పెడితే కొట్లాటలు పెరగడం మీ లోపం కాదు. ముందే రెండు జట్లుగా ఉన్నవాళ్లకి కప్పు చూపిస్తే ఇంకేమవుతుంది?

1954లో ముజఫర్ షెరీఫ్ అనే ఆయన, ఆయన సహచరులు అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలో ఒక వేసవి శిబిరంలో అచ్చం ఇదే చూశారు. పదకొండు, పన్నెండేళ్ల మగపిల్లల్ని రెండు జట్లు చేసి పోటీలు పెట్టారు. జెండాలు తగలబెట్టుకునేదాకా వచ్చింది. సరే అని ఇద్దర్నీ కలిపి భోజనాలకి కూర్చోబెట్టారు, సినిమా చూపించారు. లాభం లేదు, ఒకళ్ల మీద ఒకళ్లు అన్నం విసురుకున్నారు. చివరికి వాళ్లని కలిపినవి పనులు. శిబిరానికి నీళ్లు ఆగిపోయాయి, ఎక్కడ ఆగాయో అందరూ కలిసి వెతకాల్సి వచ్చింది. సామాన్లు తేవాల్సిన లారీ కదలనని మొరాయిస్తే రెండు జట్లూ తాడు కట్టి లాగాయి. ఇలాంటివి వరసగా కొన్ని జరిగాక వెళ్లేటప్పుడు ఒకే బస్సులో వెళ్తామని వాళ్లే అడిగారు. పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన ఏమీ జరగదు, ఒకరి చేతిలో పని ఇంకొకరికి కావలసి రావాలి. మనం ప్రార్థనలో ఎన్ని మాటలు చెప్పినా ఆ కావలసి రావడం అనేది లేకపోతే పిల్లలకి అవి వట్టి మాటలే.

బడిలో దీన్ని పాఠంతోనే చెయ్యొచ్చు, విడిగా టైం అక్కర్లేదు. జిగ్సా క్లాస్‌రూమ్ అంటారు. 1971లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టారు, అప్పుడే తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లల్ని ఒకే క్లాసుల్లోకి తెచ్చి, రోజూ గొడవలు పడుతున్న రోజులవి. పద్ధతి ఎలాగో మన నాగావళి పెట్టి చెప్తాను.

క్లాసుని ఐదుగురేసి చొప్పున విడగొట్టండి, ప్రతి గుంపులో ఊరివాళ్లు, ఆటోవాళ్లు, అమ్మమ్మల దగ్గరి పిల్లలు కలిసేలా మీరే పేర్లు రాయండి, వాళ్లకి వదిలితే మళ్లీ పాత జట్లే. గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో చీటీ. ఒకరికి నది పుట్టుక, ఒడిశాలో కలహండి జిల్లా లఖ్‌బహల్ దగ్గర. ఒకరికి ఉపనదులు, జంఝావతి, సువర్ణముఖి, వేగావతి. ఒకరికి తోటపల్లి బ్యారేజీ, నారాయణపురం ఆనకట్ట, వాటి కింద పొలాలు. ఒకరికి ఒడ్డున ఉన్న ఊళ్లు, వరదలు. ఐదోవాడికి శ్రీకాకుళం దాటి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలవడం, మొత్తం పొడవు 256 కిలోమీటర్లు. పాఠం మొత్తం ఎవరి దగ్గరా ఉండదు. ముందు ఒకే చీటీ ఉన్నవాళ్లంతా ఒకచోట చేరి, అర్థంకానిది తేల్చుకుంటారు. నోరు విప్పనివాడికి ఇక్కడే ధైర్యం వస్తుంది, ఏం చెప్పాలో ముందే ఒకసారి చెప్పి చూసుకుంటాడు కదా. తరవాత ఎవరి గుంపులోకి వాళ్లు వచ్చి మిగతా నలుగురికీ చెప్పాలి. ఆఖర్న పరీక్ష మాత్రం అందరికీ పాఠం మొత్తం మీద.

మొదటిసారి గోలగోలగా ఉంటుంది. చురుకైన పిల్ల ఒకర్తి అందరి చీటీలూ లాక్కుని తనే చదివేస్తానంటుంది. నత్తిగా మాట్లాడేవాణ్ని చూసి ఎవడో నవ్వుతాడు. అప్పుడు మీరు నీతులు చెప్పకండి. "వరదల సంగతి వాడొక్కడికే తెలుసు, ఇంకో ఇరవై నిమిషాల్లో పరీక్ష" అని మాత్రం చెప్పి పక్కకి వెళ్లండి. ఆరన్సన్ వాళ్ల బడుల్లో కూడా టీచర్లు చేసింది ఇంతే. నవ్వేవాళ్లు కాసేపటికి నవ్వడం మానేసి సరైన ప్రశ్న ఎలా అడగాలో నేర్చుకుంటారు, ఎందుకంటే వాడు చెప్తేనే వీళ్లకి మార్కులు. ఒక్కసారి చేసి వదిలేస్తే ఏమీ రాదు, వారానికి రెండుసార్లు చొప్పున కనీసం సంక్రాంతి సెలవులదాకా చెయ్యండి. వరదల చీటీ మాత్రం ఏటి ఒడ్డు పల్లె నుంచి వచ్చేవాడికి ఇవ్వండి, పుస్తకంలో లేనివి కూడా చెప్తాడు.

ఇంకొకటి, బడిలో పనులు. గంట కొట్టడం, మొక్కలకి నీళ్లు, లైబ్రరీ బీరువా తాళం, మధ్యాహ్న భోజనంలో వడ్డన. చాలా బడుల్లో ఇవన్నీ బాగా చదివే నలుగురి చేతిలోనే ఉంటాయి. తిప్పండి. ఇద్దరిద్దర్ని జోడీ చెయ్యండి, వేరే వేరే జట్ల నుంచి. జోడీలో ఒకరు రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కునేది రెండోవాడు, అటెండెన్స్ వేసేటప్పుడు మీరు అడగాల్సింది కూడా వాడినే. "నాయనమ్మకి జ్వరం టీచర్, వంట వీడే చేస్తున్నాడు" అని ఆ జోడీవాడు చెప్పిన రోజున మీ రిజిస్టర్‌లో ఆబ్సెంట్ అని వేసే 'ఏ' కంటే అది ఎక్కువ పనికొస్తుంది. బడికి రానిరోజు ఎవరో ఒకరు ఇంటికొచ్చి అడుగుతారని తెలిసిన పిల్లాడు అంత తేలిగ్గా మానెయ్యడు.

భోజనం దగ్గర ఒకటి గట్టిగా చెప్పాలి. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని విడిగా కూర్చునే పిల్లలు ఎవరో, ఎందుకో చూడండి. వంట నచ్చక అయితే వంట బాగుచెయ్యాలి. వండినవాళ్ల కులమో పక్కన కూర్చున్నవాళ్ల కులమో కారణమైతే మాత్రం మొహమాటపడకుండా హెడ్మాస్టారూ మీరూ ఆ ఇంటికి వెళ్లి మాట్లాడండి. మీరు కూడా పిల్లలతో పాటు అదే బంతిలో కూర్చుని అదే అన్నం, అదే గుడ్డు తినండి. దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే పైన చెప్పినవేవీ పనిచెయ్యవు.

వలస వెళ్లిన అమ్మానాన్నలకి నెలకోసారి ఆదివారం ఫోన్ చెయ్యగలిగితే చెయ్యండి. మార్కులు చెప్పకండి, "మీవాడు ఈ నెల వడ్డన చూసుకున్నాడు, నదుల పాఠం నలుగురికి చెప్పాడు" అని చెప్పండి. పండక్కి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు పిల్లాణ్ని కూడా వెంటబెట్టుకుపోదామా అని వాళ్లు ఆలోచిస్తుంటారు, అప్పుడు ఈ ఫోన్ గుర్తొస్తుంది.

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి విజయనగరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. తను మాట్లాడిన ప్రతి మాటా రూమ్మేట్లు తిప్పి అని నవ్వుతున్నారట. "సరదాకి నాన్నా" అంటుంది గానీ ఈమధ్య ఫోన్లో గొంతు బాగుండటం లేదు, మెస్‌కి కూడా వెళ్లడం లేదని తెలిసింది. టెన్షన్‌గా ఉంది. కాలేజీకి చెప్తే పిల్లలు ఇంకా దూరం పెడతారేమోనని భయం.

జవాబు: సరదా అయితే అమ్మాయి మెస్‌కి వెళ్తుంది సార్. వెళ్లడం లేదంటే అది సరదా కాదు.

యాస మీద వెక్కిరింత చిన్న విషయం అని మనవాళ్లు కొట్టిపారేస్తారు. నిబంధనలు అలా అనడం లేదు. ర్యాగింగ్ మీద యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలకి 2016లో ఒక సవరణ చేశారు. ప్రాంతం, భాష, కులం, మతం, రంగు, రూపం, ఇలా దేన్ని పట్టుకుని మనిషిని శారీరకంగా గానీ మానసికంగా గానీ బాధపెట్టినా ర్యాగింగ్ కిందికే వస్తుందని అందులో స్పష్టంగా ఉంది. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచీ ఉంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-5522. ఇవి మీ దగ్గర ఉంచుకోండి, అయితే ముందు అమ్మాయిని అడగండి, తనకి చెప్పకుండా మాత్రం ఫిర్యాదు చెయ్యొద్దు. మొదట వార్డెన్‌తో మాట్లాడి గది మార్పించడం చాలాసార్లు సరిపోతుంది. తిండి, నిద్ర రెండూ తప్పుతున్నాయంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, మీరూ చెయ్యొచ్చు తనూ చెయ్యొచ్చు. అవసరమైతే సెలవు పెట్టి ఒకసారి వచ్చి వెళ్లండి. దూరమే, అయినా రండి.

ఆ రూమ్మేట్లు ఈ పత్రిక చదువుతుంటే ఒక్క మాట. అమ్మలూ, మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో "ఏటి" అన్నప్పుడు పక్కవాళ్లు నవ్వితే మీకెలా ఉంటుందో మీకు తెలుసు. ఇంటికి దూరంగా వచ్చిన పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్నది ఆ మాట ఒక్కటే. రేపు మీరే వెళ్లి మెస్‌కి పిలవండి.

ప్రశ్న: శ్రీకాకుళంలో డిగ్రీ సెకండియర్, నేను సీఆర్‌ని (క్లాస్ రిప్రజెంటేటివ్‌ని). పోయినేడు ఫ్రెషర్స్ పార్టీకి తలకి ఇంత అని వసూలు చేశాం. ఇవ్వలేనివాళ్లు ఆ రోజు కాలేజీకే రాలేదు. ఈసారి అలా కాకూడదు. ఏం చెయ్యొచ్చు?

జవాబు: రానివాళ్లని నువ్వు గమనించావు, అందుకు సంతోషం తల్లీ. ఈసారి వసూళ్లు పెట్టకండి, హాలు వద్దు, డీజే వద్దు. అందర్నీ తీసుకుని ఎటైనా వెళ్లండి. శాలిహుండం ఉంది, వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు. అక్కణ్నించి కళింగపట్నం సముద్రం దగ్గరే. లేదా సీజన్‌లో అయితే టెక్కలి వైపు తేలినీలాపురం, ఊరి చింతచెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, ఆ ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. బస్సు టికెట్టు, పులిహోర, అంతే ఖర్చు, అదీ ఇవ్వగలిగినవాళ్లు ఎవరికీ తెలియకుండా డబ్బాలో వేస్తే చాలు. కొత్తవాళ్లని అతిథుల్లా కూర్చోబెట్టకండి, వాళ్లకీ పని పంచండి, ఒకడు దారి చూడాలి, ఒకమ్మాయి ఫొటోలు, ఇద్దరు పొట్లాలు. సాయంత్రం ఆడిపాడే టైములో ఎవరికి వచ్చింది వాళ్లు చేస్తారు, తప్పెటగుళ్లు వచ్చినవాడు మీ క్లాసులో తప్పకుండా ఒకడుంటాడు, ఇన్నాళ్లూ ఎవరూ అడిగి ఉండరు.

ఇంకో ఆలోచన కూడా చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైనది. విజయనగరంలో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు చేతిలో పైసా లేకుండా వచ్చేవాళ్లు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు ఈ ఊళ్లో మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటికీ తిరిగి అన్నం అడిగి తెచ్చుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాట నేర్చుకున్నారు. వారాలు చేసుకుని చదువుకోవడం అప్పట్లో మామూలే, సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. అందులో కులం పట్టింపు ఉండేది, ఆ గుమ్మాలు అందరికీ తెరిచేవాళ్లు కాదు, ఆ సంగతి దాచక్కర్లేదు. ఆ పట్టింపు తీసేసి మిగతాది మనం తీసుకుందాం. టౌన్లో ఇల్లున్న డే స్కాలర్లు నెలకో ఆదివారం ఒక హాస్టల్ స్టూడెంట్‌ని ఇంటికి భోజనానికి తీసుకెళ్లండి. స్పెషల్స్ ఏమీ అక్కర్లేదు, ఇంట్లో ఆ రోజు వండింది. వచ్చినవాడిచేత కొబ్బరి కోరించండి, ఎదురింటి నుంచి మజ్జిగ తెప్పించండి. మీ అమ్మగారు రెండోసారి "ఆ అబ్బాయి ఈ నెల రాలేదేం?" అని అడుగుతారు చూడు.

ప్రశ్న: మా కాలేజీలో ప్రతి సెక్షన్‌కీ వాట్సాప్ గ్రూపు ఉంది, అందరూ అందులో ఉన్నారు. ఇంకా ఇవన్నీ ఎందుకండీ? — బొబ్బిలి నుంచి ఒక లెక్చరర్

జవాబు: ఉండనివ్వండి మాస్టారూ, టైంటేబుల్ మారితే చెప్పడానికి పనికొస్తుంది. ఒకసారి ఆ గ్రూపు తెరిచి, చేరినప్పటినుంచీ ఒక్క మాట కూడా రాయనివాళ్లు ఎవరో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే సోమవారం ల్యాబ్‌లో బ్యాచ్‌లు వేసేటప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి, వాళ్లందర్నీ ఒకే బ్యాచ్‌లో పడెయ్యకుండా బ్యాచ్‌కొకర్ని వేసి, రీడింగులు రాసే పుస్తకం వాళ్ల చేతికివ్వండి.